బందరు తీరాన మూడు రోజులు

మదర్సాలో మేము ఇరవై ఆరేళ్ళుగా బోధిస్తున్న పాఠాలలో ముసాఫిర్ నమాజు ఒకటి. ఎంత దూరం వెళితే మనిషి ప్రయాణికుడవుతాడు, నాలుగు రకాతులు ఎప్పుడు రెండవుతాయి, ఒక ఊరిలో ఎన్ని రోజులు ఉండాలని సంకల్పించుకుంటే మళ్ళీ నాలుగు చదవాలి అన్న విషయాలను ప్రతి ఏడాదీ నల్లబల్ల మీద గీతలు గీసి మరీ వివరిస్తుంటాము. నిరుడు ఒక పిల్లవాడు లేచి, “హజ్రత్, మీరు ఆఖరుసారి ఎప్పుడు ఖస్ర్ చేశారు?” అని అడిగాడు. తరగతి అంతా నవ్వింది. మేమూ నవ్వాము గాని, సమాధానం కోసం తడుముకోవలసి వచ్చింది. విద్యార్థి దశలో హైదరాబాదుకు రైలెక్కిన రోజుల తరువాత మేము పెద్దగా తిరిగింది లేదు. పెళ్ళిళ్ళకో జనాజాలకో విజయవాడ, నందిగామ, మైలవరం వెళ్ళిరావడమే మా సంచారం. అవేవీ మా ఫిఖహ్ గ్రంథాలు చెప్పే దూరాలు కావు. నీటిని చూడకుండా ఈత నేర్పుతున్న గురువు పరిస్థితి మాది.

మా ఊరు కొండపల్లి. కొండ మీద 14వ శతాబ్దిలో రెడ్డిరాజులు కట్టించిన కోట ఉన్నది. గజపతులు, విజయనగర ప్రభువులు, కుతుబ్‌షాహీ సుల్తానులు ఒకరి తరువాత ఒకరు దానిని ఏలారు. 1766లో అది ఇంగ్లీషువారి వశమైంది. కొండ దిగువన తెల్ల పొనికి కర్రతో బొమ్మలు చేసే కుటుంబాలున్నాయి. కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండ నుండి బందరు రేవుకు వెళ్ళే బాట మా ప్రాంతం మీదుగా, బెజవాడ వద్ద కృష్ణ పక్కనుండి సాగేది. వజ్రాలు, వస్త్రాలు, వర్తకులు, హజ్‌కు బయలుదేరిన యాత్రికులు ఆ బాటనే నడిచేవారు. ఇదంతా చదివి ఎరుగుదుము గాని, ఆ బాట చివరనున్న సముద్రాన్ని మాత్రం మేము ఎన్నడూ చూడలేదు.

ఇక మా ఇంటి విషయం. మా చిన్నవాడికి ఇరవై రెండేళ్ళు. మా వద్దనే ఖుర్ఆన్ కంఠస్థం చేశాడు. తరువాత పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ డిప్లొమా పూర్తిచేసి, ఇబ్రహీంపట్నంలో ఒక దుకాణంలో పనికి కుదిరాడు. నిరుడు రంజాన్ తరువాత అతనికి ఖతర్ దేశంలోని దోహాలో ఉద్యోగావకాశం వచ్చింది. రెండేళ్ళ ఒప్పందం. ఆ మాట ఇంట్లో పుట్టిన నాటి నుండి మా ఇద్దరి మధ్య సంభాషణ సలాములకు, భోజనానికి పిలవడానికి పరిమితమైపోయింది. మేము వెళ్ళమనలేదు, వద్దనలేదు. మౌనం వహించాము. ఆ మౌనం సహనమని మేము అనుకున్నాము. అది ఏమిటో తరువాత తెలిసింది.

చివరకు మా ఇల్లాలే దారి చూపింది. “మూడు రోజులు ఇద్దరూ ఎక్కడికైనా వెళ్ళిరండి. ఈ ఇంట్లో గోడలు కూడా మూగవైపోయాయి” అన్నది. మా చిన్నవాడు వెంటనే, “బందరు వెళదాం అబ్బా. వీపు సంచులు చాలు. ఎక్కడ చోటు దొరికితే అక్కడ పడుకుందాం” అన్నాడు. ఈ వయసులో వీపున సంచి తగిలించుకుని కుర్రవాళ్ళలా ఊళ్ళు తిరగడమేమిటని సంకోచించాము. అయితే దైవప్రవక్త ముహమ్మద్ (స) ఈ లోకంలో బాటసారిలా జీవించమని బోధించారని పిల్లలకు చెప్పే నోటితో కాదనడం కష్టమనిపించింది.

సంక్రాంతి రద్దీ తగ్గిన తరువాత, రజబ్ మాసపు చలి ఉదయాన బయలుదేరాము. సంచి సర్దుకోవడమే మాకు మొదటి పాఠమైంది. మేము నాలుగు జతల బట్టలు, మూడు కితాబులు, దుప్పటి, రాగి చెంబు పెట్టుకున్నాము. మా చిన్నవాడు ఆ సంచిని ఒకసారి ఎత్తి చూసి, మారు మాట్లాడకుండా సగం తీసేశాడు. రెండు జతల బట్టలు, జానమాజ్, తువ్వాలు మిగిలాయి. యాభై ఆరేళ్ళ జీవితంలో మేము పోగుచేసుకున్న అవసరాలలో సగం అవసరాలే కావన్నమాట.

కొండపల్లి నుండి విజయవాడకు బస్సులోను, అక్కడి నుండి బందరుకు పాసింజరు రైలులోను వెళ్ళాము. రైలు కదిలాక మా చిన్నవాడు తన ఫోనులో దారి కొలిచి, మా ఊరి నుండి బందరుకు దాదాపు తొంభై కిలోమీటర్లని చెప్పాడు. మా హనఫీ పెద్దలు నలభై ఎనిమిది మైళ్ళను, అంటే సుమారు డెబ్బై ఎనిమిది కిలోమీటర్లను ప్రయాణ దూరంగా లెక్కిస్తారు. “అయితే మన ఊరి పొలిమేర దాటినప్పటి నుండే మనం ముసాఫిర్లము. జుహ్ర్, అస్ర్, ఇషా రెండేసి రకాతులు. ఫజ్ర్, మగ్రిబ్ మారవు” అని చెప్పాము. ఎన్నో నెలల తరువాత మేము అతనితో అన్ని మాటలు మాట్లాడడం అదే మొదలు. అవీ పాఠం మాటలే.

గుడివాడ దాటాక డెల్టా తన నిజరూపం చూపుతుంది. కోసిన వరిచేలలో మినుము పచ్చగా పరుచుకున్నది. కాలువగట్ల మీద తాడిచెట్లు, మధ్యమధ్య చేపల చెరువులు. 1855లో బెజవాడ వద్ద కృష్ణకు ఆనకట్ట పూర్తయిన తరువాత ఈ నేల అన్నపూర్ణ అయింది. మేము రోజూ మా ఇంటి దగ్గర చూసే కృష్ణ ఇక్కడ కాలువలై, పిల్లకాలువలై, చివరకు ఒక్కొక్క మడిలోకి చేరుతున్నది. గుడ్లవల్లేరు, కవుతరం, పెడన, చిలకలపూడి దాటి రైలు మచిలీపట్నంలో ఆగింది. ఆ ఊరిని జనం నేటికీ బందరనే పిలుస్తారు. బందర్ అంటే ఫారసీలో ఓడరేవు. రేవు వైభవం పోయినా పేరు మిగిలింది.

స్టేషను నుండి నడిచి, దారిలో కనిపించిన ఒక మసీదులో జుహ్ర్ జమాఅత్‌లో కలిశాము. స్థానిక ఇమాము వెనుక చదివాము గనుక నాలుగు రకాతులూ పూర్తిచేశాము. నమాజు తరువాత మా సంచులు చూసి ముఅజ్జిన్ సాహెబ్ దగ్గరకు వచ్చారు. డెబ్బై ఏళ్ళ మనిషి. ఎక్కడి నుండి వచ్చారు, ఎక్కడ దిగుతారు అని విచారించారు. లాడ్జి వెతుక్కుంటామని చెప్పగానే, “మసీదు పక్కన ముసాఫిర్ల గది ఖాళీగా ఉండగా లాడ్జి ఎందుకు? అతిథికి మూడు రోజుల హక్కున్నదని మాకు పాఠాలు చెప్పేది మీరే కదా, మౌలానా!” అన్నారు. ఆ రాత్రి వారి ఇంటి నుండి ఖట్టి దాల్, చేపల పులుసు, వేడి అన్నం వచ్చాయి. డబ్బు ఇవ్వబోతే ముఖం తిప్పుకున్నారు.

ఆ సాయంత్రం బజారులో తిరుగుతూ మా చిన్నవాడికి ఈ ఊరి కథ చెప్పాము. గోల్కొండ రాజ్యానికి సముద్రద్వారం ఇదే. 17వ శతాబ్ది తొలి ఏళ్ళలో డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు ఇక్కడ వర్తక స్థావరాలు పెట్టుకున్నారు. తరువాత ఫ్రెంచివారు వచ్చారు. వారందరికంటే ముందే ఇరానీ, అరబ్బు వర్తకులకు ఇది సుపరిచితం. 17వ శతాబ్ది మధ్యలో ఇక్కడికి వచ్చిన ఫ్రెంచి యాత్రికుడు తావెర్నియే, ఇక్కడి నుండి పెగూకు, సయాంకు, సుమత్రాకు, హోర్ముజ్‌కు, మక్కా దిశకు ఓడలు వెళ్ళేవని రాశాడు. దక్కను ప్రాంతపు హాజీలు ఈ రేవులో ఓడెక్కి ఎర్రసముద్రానికి సాగేవారు.

అప్పుడు మా చిన్నవాడు, “ఇరానీలు ఇక్కడికి ఎందుకు వచ్చేవారు అబ్బా?” అని అడిగాడు. ఉపాధి కోసమని చెప్పాము. ఉదాహరణకు మీర్ జుమ్లాగా చరిత్రకెక్కిన ముహమ్మద్ సయీద్ గురించి చెప్పాము. ఇరాన్‌లో ఇస్ఫహాన్ సమీపంలోని అర్దిస్తాన్ అతని ఊరు. తండ్రి నూనె వర్తకుడని చెబుతారు. ఆ యువకుడు ఒక వర్తకుని కొలువులో గోల్కొండ చేరాడు. వజ్రాల వ్యాపారంలో ఆరితేరి, ఈ బందరు రేవుకే పాలకుడై, స్వంతంగా ఓడలు నడిపాడు. ఆపై గోల్కొండకు మంత్రి, మొగలుల కొలువులో బెంగాల్‌కు సుబేదారు అయ్యాడు. 1663లో అస్సాం దండయాత్ర నుండి తిరిగివస్తూ కన్నుమూశాడు.

మాట పూర్తి కాకముందే మా గొంతు తగ్గింది. నాడు ఆ తీరపు బిడ్డలు పొట్ట చేతపట్టుకుని ఈ తీరానికి వచ్చారు. నేడు ఈ తీరపు బిడ్డలు ఆ తీరానికి వెళుతున్నారు. సముద్రం అదే. అర్దిస్తాన్‌లో ఒక నూనె వర్తకుడు వాకిట్లో నిలబడి కొడుకు వెళ్ళిన దారి చూసి ఉంటాడు కదా! ఆ ముసలి తండ్రి గురించి ఏ చరిత్ర గ్రంథంలోనూ మేము చదవలేదు. మేము చెప్పదలచిన పాఠం చరిత్ర గురించి, అది చెప్పిన పాఠం మా గురించి. మా చిన్నవాడు ఏమీ అనలేదు. కోనేరు సెంటరులో ఆగి బందరు లడ్డు కొన్నాడు. శనగపిండి కారప్పూసలా వండి, దంచి, బెల్లంపాకం, నెయ్యి చేర్చి మళ్ళీ దంచి చేస్తారు గనుక తొక్కుడు లడ్డని కూడా అంటారు. మాకు ఒకటిచ్చి, తాను సగమే తిని, మిగిలినది అమ్మీ కోసమని కాగితంలో చుట్టి దాచాడు.

ఇషా వేళకు ఇమాము సాహెబ్ ఊరిలో లేరు. మౌలానా ఉన్నారు కదా అని మమ్మల్ని ముందుకు నెట్టారు. నమాజుకు ముందు వెనక్కి తిరిగి, “మేము ముసాఫిర్లము. రెండు రకాతులకు సలాం చెబుతాము. స్థానికులు లేచి మిగిలిన రెండూ పూర్తిచేసుకోండి” అని ప్రకటించాము. ఇరవై ఆరేళ్ళు పిల్లల చేత వల్లె వేయించిన వాక్యం. మా నోట అది నిజమైన ఇమామతులో రావడం అదే మొదటిసారి. రెండో రకాతులో కూర్చున్నాక అలవాటుగా లేవబోయి సంబాళించుకున్నాము. వెనుక మా చిన్నవాడు నవ్వు ఆపుకున్నాడని గదికి వచ్చాక తెలిసింది. చాలా కాలానికి ఇద్దరం కలిసి నవ్వాము.

పడుకునే ముందు అతడు తన సంచిలోంచి ఒక చిన్న డబ్బా తీసి మా ముందు పెట్టాడు. మేము ఇంట్లో మరచివచ్చిన బీపీ మాత్రలు. ఏ పూటకు ఆ పూట కాగితాల్లో కట్టి ఉన్నాయి. “మీరు మరచిపోతారని తెలుసు” అన్నాడు. సఫర్ అనే అరబీ పదం మూలంలో ముసుగు తొలగడమనే అర్థమున్నది. మనిషి అసలు స్వభావాన్ని ప్రయాణం బయటపెడుతుందని పెద్దలు అందుకే అంటారు. ఒకే కప్పు కింద ఇరవై రెండేళ్ళు ఉండి మేము చూడనిది, ఒక్క రోజు ప్రయాణంలో కనబడింది.

రెండో రోజు ఉదయం బందరుకోటకు వెళ్ళాము. 1759లో ఇంగ్లీషు సేనాని ఫోర్డ్ ఫ్రెంచివారి నుండి గెలుచుకున్న కోట ఇదే. ఇప్పుడు కూలిన గోడలు, పాత కట్టడాల ఆనవాళ్ళు మాత్రం మిగిలాయి. ఊరిలో డచ్చివారి శ్మశానవాటిక పురావస్తు శాఖ రక్షణలో ఉన్నది. పెద్దపెద్ద రాతిపలకల మీద వంశ చిహ్నాలు, పొడవైన శాసనాలు లోతుగా చెక్కి ఉన్నాయి. మా చిన్నవాడు ఒక రాతి మీద దుమ్ము తుడిచి చదవడానికి ప్రయత్నించాడు. ఇంటికి వేల మైళ్ళ దూరాన మరణించినవారు. వారి మతం వేరు, వారి వ్యాపారం తెచ్చిన కష్టాలు వేరు. అయినా పరదేశంలో మరణించిన మనిషి సమాధి ముందు నిలిచినప్పుడు కలిగే భయం ఒక్కటే. అది మాకు కలిగింది. మేము త్వరగా వెళదామన్నాము. ఎందుకని అతడు అడగలేదు.

మధ్యాహ్నం పెడన వెళ్ళాము. బందరు కలంకారీ బట్ట నేడు ఎక్కువగా తయారయ్యేది అక్కడే. కలం, కారీ అనే రెండు మాటలూ ఫారసీ నుండి వచ్చినవే. కుతుబ్‌షాహీల నాడు ఇక్కడి అద్దకం బట్టలు ఇరాన్‌కు ఓడల మీద వెళ్ళేవి. వాటిలో మిహ్రాబు చిత్రించిన జానమాజ్‌లు కూడా ఉండేవి. ఒక అద్దకం పనివారు ఓపికగా పని చూపారు. బట్టను ముందు కరక్కాయ పొడి, గేదెపాలు కలిపిన నీటిలో నానబెట్టి ఆరబెడతారు. తుప్పు పట్టిన ఇనుము, బెల్లం కలిపి రోజుల తరబడి పులియబెట్టిన ద్రవంతో టేకు అచ్చు కొడితే నల్లని గీతలు వస్తాయి. ఎరుపు రావలసిన చోట పటిక నీటితో అచ్చు వేస్తారు.

పటిక అచ్చు పడిన చోట కంటికి ఎరుపు జాడే కనిపించలేదు. మా చిన్నవాడు అదే అడిగాడు. ఆ పనివారు నవ్వి, “ఇప్పుడే కనబడదు బాబూ. కాలువ నీటిలో ఉతికి, చెక్క వేసి మరిగించినప్పుడు చూడాలి. పటిక తగిలిన చోటే ఎరుపు పడుతుంది. తగలని చోట ఎంత మరిగించినా నిలవదు” అన్నారు. పక్కనే రాగి కాగులో బట్టలు మరుగుతున్నాయి. కర్రతో పైకెత్తి చూపారు. పువ్వులన్నీ ఎర్రగా విచ్చుకుని ఉన్నాయి.

తిరిగి వస్తున్నంతసేపూ మాకు ఆ కాగు కళ్ళ ముందు మెదిలింది. తల్లిదండ్రులు బిడ్డకిచ్చే శిక్షణ కూడా పటిక అచ్చు వంటిది. ఇంట్లో ఉన్నంతకాలం అది పడిందో లేదో కనబడదు. కష్టాల కాగులో మరిగినప్పుడే తెలుస్తుంది. మేము మా అచ్చును నమ్మలేదు. బట్టను కాగులో వేయకుండా దాచుకుంటే రంగు భద్రంగా ఉంటుందనుకున్నాము.

ఆ రాత్రి ముఅజ్జిన్ సాహెబ్ తుఫానుల గురించి చెప్పారు. 1864 నవంబరు 1 రాత్రి సముద్రం బందరు మీద పడి సుమారు ముప్పై వేల మందిని పొట్టన పెట్టుకున్న సంగతి ఆ ఊరివారు తరతరాలుగా చెప్పుకుంటారు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు ఆయన యువకుడు. మాటల మధ్యలో తన పెద్ద కొడుకు పదిహేనేళ్ళుగా కువైత్‌లో ఉన్నాడని, తల్లి జనాజాకు అందుకోలేకపోయాడని చెప్పారు. “ఆ ఒక్క బాధ ఉన్నది” అని ఆగిపోయారు. కాసేపటికి, “ఈ ఇంటి కప్పు మాత్రం వాడు వేయించినదే” అన్నారు. ఆయన ఏ సలహా ఇవ్వలేదు. మేము అడగలేదు.

మూడో రోజు తెల్లవారకముందే ఆటోలో మంగినపూడికి బయలుదేరాము. ఊరికి పదకొండు పన్నెండు కిలోమీటర్ల దూరం. చీకట్లో దీపస్తంభపు వెలుగు తిరుగుతున్నది. ఆ తీరం ఇసుక తీరం కాదు. కాళ్ళ కింద మెత్తని నల్లమన్ను, చాలా దూరం వరకు మోకాలు దాటని నీరు. ఒడ్డున పొడి నేల చూసి జానమాజ్‌లు పరిచి ఫజ్ర్ చదివాము. కిబ్లా పడమటి దిక్కున, అంటే నేలవైపు. సముద్రం మా వీపు వెనుక ఘోషిస్తున్నది.

సలాం చెప్పి వెనక్కి తిరిగాక ఒక ఆలోచన కలిగింది. ఈ రేవు నుండి హజ్‌కు బయలుదేరిన ఓడ మొదట కిబ్లాకు వీపు పెట్టి సాగవలసి వచ్చేది. తూర్పున నడిసముద్రంలోకి వెళ్ళి, దక్షిణానికి మళ్ళి, సింహళాన్ని చుట్టివస్తే గాని పడమటికి తిరగదు. ఒడ్డున నిలబడి చూసేవారికి ఆ ఓడ మక్కాకు దూరమవుతున్నట్టే కనిపించి ఉంటుంది. లోపల ఉన్నవారి సంకల్పం మాత్రం అల్లాహ్‌కు తెలుసు.

మేము చేతులెత్తాము. ముగ్గురి దుఆ నిస్సందేహంగా స్వీకరించబడుతుందని దైవప్రవక్త (స) తెలిపారు: పీడితుని దుఆ, ప్రయాణికుని దుఆ, బిడ్డ విషయంలో తండ్రి చేసే దుఆ. ఈ హదీసు మేము ఎన్నిసార్లు బోధించామో లెక్కలేదు. ఆ వేళ మేము ప్రయాణికులము, తండ్రిమి కూడా. రెండు ద్వారాలు మా కోసం తెరుచుకుని ఉన్నాయి. అయితే ఏమి అడగాలి? ఎనిమిది నెలలుగా తహజ్జుద్‌లో మేము అడుగుతున్నది ఒక్కటే: ఈ దోహా ప్రయాణం ఎలాగైనా ఆగిపోవాలని. అదే దుఆ పెదవుల దాకా వచ్చి అక్కడే నిలిచిపోయింది. చేతులు అలాగే చాచి ఉన్నాయి, మాట రాలేదు.

“ఇంతసేపు నా కోసం ఏమి అడిగారు అబ్బా?” అన్నాడు మా చిన్నవాడు.

అబద్ధమాడటానికి అది చోటు కాదు. ఎనిమిది నెలలుగా ఏమి అడుగుతున్నామో చెప్పాము. అతడు కాసేపు కాలివేలితో నల్లమన్నులో గీతలు గీస్తూ ఉండిపోయాడు. తరువాత, “అందుకేనా వైద్యపరీక్ష తేదీ రెండుసార్లు వెనక్కి పోయింది!” అని నవ్వాడు. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. “మీరు వద్దంటే నేను వెళ్ళను. ఆ మాట మొదటి రోజే అనవలసింది. వద్దని అల్లాహ్‌కు చెప్పుకుని నాకు చెప్పకపోతే నాకెలా తెలుస్తుంది అబ్బా?”

మా విద్య అంతా ఆ ప్రశ్న ముందు మూగబోయింది. అప్పుడు మనసులోని భయాలన్నీ చెప్పాము. ఏజెంట్ల మోసాల గురించి విన్న కథలు, మా ఆరోగ్యం, నిన్న శ్మశానంలో చూసిన రాళ్ళు, రాత్రి విన్న జనాజా మాట. అతడు ప్రతిదీ విన్నాడు. ఏజెంటు లైసెన్సును ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో తానే సరిచూశానని, ఒప్పందంలో జీతం, పని గంటలు, సెలవు, తిరుగు టికెట్టు రాసి ఉన్నాయని చెప్పాడు. ఆఖరున తల వంచుకుని, “అక్క పెళ్ళికి మీరు చేసిన అప్పు సంగతి నాకు తెలుసు. మూడేళ్ళుగా మీరు కొత్త చెప్పులు కొనలేదు” అన్నాడు.

ఆ అప్పు అతనికి తెలియకూడదని మేము ఎంతో జాగ్రత్తపడ్డాము. మా కొడుకు మా నుండి దూరంగా వెళ్ళిపోవాలనుకుంటున్నాడని ఇన్నాళ్ళూ బాధపడ్డాము. అతని సంకల్పం మా ఇంటివైపే తిరిగి ఉన్నదని గ్రహించలేకపోయాము. ఒడ్డున నిలబడి ఓడను చూసినవారి పొరపాటే మాదీ.

సూర్యుడు నీటి నుండి పైకి వచ్చాడు. దూరాన జాలరుల పడవలు రేవు చేరుతున్నాయి. ఇంకో దిక్కున 2023లో పనులు మొదలైన కొత్త ఓడరేవు నిర్మాణం కనిపిస్తున్నది. మూడు శతాబ్దుల నాటి రేవు మళ్ళీ లేస్తున్నది. మేము రెండోసారి చేతులెత్తాము. ఈసారి మాటలకు తడుముకోవలసిన అవసరం రాలేదు. ప్రయాణం చేయబోయేవాని ధర్మాన్ని, అతని అమానతును, అతని కర్మల ముగింపును అల్లాహ్‌కు అప్పగించమని దైవప్రవక్త (స) నేర్పారు. మేము అలాగే అప్పగించాము. మా చిన్నవాడు ఆమీన్ అన్నాడు. మా కళ్ళు తడిశాయి. గాలిలోని ఉప్పు వల్లనని అతనికి చెప్పాము. అతడు నమ్మినట్టు తల ఊపాడు.

పని పూర్తయిన ప్రయాణికుడు త్వరగా ఇల్లు చేరాలన్నది ప్రవక్త (స) ఉపదేశం. ముఅజ్జిన్ సాహెబ్ వద్ద సెలవు తీసుకుని మధ్యాహ్నపు రైలెక్కాము. దారిలో అస్ర్ రెండు రకాతులు చదివాము. మా ఊరి పొలిమేరలో అడుగుపెట్టగానే ప్రయాణం ముగిసింది. ఇషా మళ్ళీ నాలుగు రకాతులు. వాకిట్లో మా ఇల్లాలు మా ముఖాలను మార్చిమార్చి చూసింది. ఏమీ అడగకుండా చాయ్ పెట్టడానికి వెళ్ళింది. ఆ రాత్రి మా ఇంట్లో చాలాసేపు మాటలు వినిపించాయి. నలిగిపోయిన బందరు లడ్డును ముగ్గురం పంచుకున్నాము.

బిడ్డలను పరదేశం పంపే తల్లిదండ్రులకు రెండు మాటలు. ఏజెంటుకు 1983 నాటి వలసల చట్టం ప్రకారం విదేశాంగ శాఖ అనుమతి ఉన్నదో లేదో తప్పక చూడండి. ఉద్యోగానికని చెప్పి విజిట్ వీసా మీద పంపేవారిని నమ్మకండి. ఒప్పందపు ప్రతి ఒకటి ఇంట్లో ఉంచుకోండి. ఇక అన్నిటికంటే ముందు, మీ మనసులోని భయాన్ని బిడ్డకు నోరు తెరిచి చెప్పండి. దుఆ చేయండి, తప్పక చేయండి. అయితే బిడ్డతో మాట్లాడవలసిన మాటను దుఆలో దాచుకోకండి.

ఈ సంచిక మీ చేతికి అందేనాటికి మా చిన్నవాడు దోహాలో ఉంటాడు, ఇన్ షా అల్లాహ్. బందరుకు మోసిన ఆ వీపు సంచినే తీసుకువెళుతున్నాడు. ఈసారి అతని సంచి మేమే సర్దాము. అతడు బరువని తీసేసిన మా కితాబులలో ఒకటి అందులో పెట్టాము. ఈసారి మాత్రం తీయలేదు. మదర్సాలో ఆ పిల్లవాడు మళ్ళీ అదే ప్రశ్న అడిగితే చెప్పడానికి మా వద్ద ఇప్పుడు సమాధానమున్నది. మీ దుఆలలో మా ముసాఫిర్‌ను కూడా తలచుకోవలసిందిగా ప్రార్థన.